మెరిసే పాత చాకును ఎందుకు అనుమానించాలి: విశాఖలో మడత చాకు కొనేముందు చూడాల్సినవి, ధర కట్టే తీరు

పాత మడత చాకుల ఫొటోలు అమ్మకానికి వచ్చినప్పుడల్లా వాటి కింద రెండే మాటలు కనిపిస్తాయి. ఒకటి ‘వందేళ్ల నాటిది’, రెండోది ‘ఒరిజినల్’. ధరల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొంతన ఉండదు. బ్లేడు మీద ఒకే కంపెనీ పేరున్న రెండు చాకుల్లో ఒకదానికి వందల్లో, ఇంకోదానికి వేలల్లో అడుగుతారు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు వయసును బట్టే ఈ తేడా వచ్చిందనుకుంటారు. నిజానికి వయసు పాత్ర చిన్నది. ఫ్యాక్టరీ గడప దాటిన రోజున ఆ చాకులో ఉన్న ఉక్కు, ముద్ర, పిడి ఈ రోజుకు ఎంత మిగిలాయన్నదే ధరను తేలుస్తుంది.

క్లుప్తంగా: కంపెనీ ముద్ర చాకు పుట్టిన కాలానికి ఒక హద్దు మాత్రమే చూపిస్తుంది, తేదీ చెప్పదు. విశాఖ గాలిలో తళతళలాడే పాత కార్బన్ ఉక్కు (స్టెయిన్‌లెస్ కాని ఉక్కు) చాకు దాదాపు ఎప్పుడూ బఫింగ్ చేసినదే, అంటే తిరిగే చక్రం మీద రుద్ది మెరుగుపెట్టినదే, కాబట్టి దాని విలువ తగ్గుతుంది. ధరను అడిగిన రేటు నుంచి కాకుండా అమ్ముడైన రేటు నుంచి లెక్కించాలి. దంతం, కణుజు (సాంబార్ జింక) కొమ్ము పిడులున్న చాకులకు విదేశీ ధర ఇక్కడ వర్తించదు.

### విశాఖకు చేరిన మూడు రకాలు

ఇక్కడ చేతులు మారే పాత చాకులు ప్రధానంగా మూడు రకాలు. మొదటివి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి వచ్చిన చిన్న చాకులు. కచేరీ గుమాస్తాలు, ప్లీడర్లు, బడి పంతుళ్లు పెన్సిళ్లు చెక్కుకోవడానికి, కాగితం కోయడానికి వాడి పెట్టెల్లో వదిలేసినవి. రెండోవి సైనికులు, నావికులు వాడిన క్లాస్ప్ నైఫ్‌లు అనే బరువైన మడత చాకులు. 1933లో ఓడరేవు తెరుచుకోవడం, యుద్ధకాలపు రద్దీ, ఆ తర్వాతి నౌకాదళ స్థావరం వల్ల ఇలాంటివి ఈ ఊళ్లో కనిపించడంలో వింత లేదు. మూడోవి స్విస్ చాకులు. మర్చంట్ నేవీలో పనిచేసినవారు తెచ్చుకున్నవి, విదేశాల్లో ఉన్న బంధువులు కానుకగా ఇచ్చినవి.

పాత ఇనుప సామాన్లలో దొరికినా, సింధియా ప్రాంతంలో ఇల్లు ఖాళీ చేస్తున్నవారి దగ్గర దొరికినా ముందుగా ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి. ఎందుకంటే ఒక్కోదాన్ని పరీక్షించే పద్ధతి వేరు.

### ముద్ర చెప్పేది, చెప్పనిది

బ్లేడు మొదట్లో, కీలుకు ఆనుకుని పదును లేని చదునైన భాగం ఉంటుంది. దాన్ని టాంగ్ అంటారు. కంపెనీ పేరు, ఊరు, దేశం కొట్టేది అక్కడే. పిడి మీద ఉన్న బొమ్మనో డాలునో చూసి నిర్ణయానికి రాకూడదు, వాటిని మార్చడం తేలిక.

షెఫీల్డ్ చాకుల్లో ఇక్కడ ఎక్కువగా వినిపించే పేరు జోసెఫ్ రాడ్జర్స్. నక్షత్రం, మాల్టా శిలువ దాని గుర్తులు. ఈ కంపెనీ రాజకుటుంబానికి సరఫరాదారు కావడంతో చాలా చాకులపై కిరీటానికి అటూ ఇటూ రెండక్షరాలు ఉంటాయి. విక్టోరియాకు ‘వి ఆర్’, 1901 నుంచి 1910 వరకు ఎడ్వర్డ్‌కు ‘ఇ ఆర్’, ఆ తర్వాతి జార్జ్‌లకు ‘జి ఆర్’. చాలామంది వీటినే తయారీ తేదీగా చదువుతారు. ‘జి ఆర్’ ఉంటే చాకు సాధారణంగా 1910కి ముందుది కాదని చెప్పవచ్చు. కానీ ‘వి ఆర్’ ఉన్నంత మాత్రాన 1901కి ముందుదని రాసివ్వలేం. పాత అచ్చులు తర్వాత కూడా వాడే వీలుంది కాబట్టి ముద్ర కింది హద్దును చూపుతుందే తప్ప పై హద్దును చూపదు.

‘ఇంగ్లండ్’ అన్న మాటకూ ఇదే తిరకాసు ఉంది. అమెరికా 1890లో తెచ్చిన సుంకాల చట్టం వల్ల ఆ దేశానికి వెళ్లే సరుకుపై తయారైన దేశం పేరు తప్పనిసరైంది. అందుకే ‘షెఫీల్డ్’ అని మాత్రమే ఉంటే 1891కి ముందుది, ‘ఇంగ్లండ్’ కూడా ఉంటే తర్వాతిది అని సేకర్తల పుస్తకాల్లో చదువుతాం. ఆ సూత్రం అమెరికా మార్కెట్‌ను చూసి పుట్టింది. భారత్‌కు వచ్చిన సరుకుకు ఆ నిబంధన లేదు. కాబట్టి విశాఖలో దొరికిన చాకుపై ‘ఇంగ్లండ్’ లేకపోవడం పాతదనానికి రుజువు కాదు. అమ్మేవారు చెప్పే ‘1890కి ముందుది’ అన్న మాటలో సగం ఈ పొరపాటు నుంచే వస్తుంది.

‘స్టెయిన్‌లెస్’ అన్న మాట మాత్రం గట్టి సాక్ష్యం. హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లో ఆ ఉక్కును తయారుచేసింది 1913లో. ఆ మాట ఉన్న చాకును విక్టోరియా కాలానిదని అమ్మితే అక్కడితో బేరం ఆపేయవచ్చు.

రాడ్జర్స్ పేరుకున్న గిరాకీ వల్ల నకళ్లు కూడా పాతవే. నకలు అంటే నిన్న మొన్న చేసిందే కానక్కర్లేదు, వందేళ్ల నాటి నకలు కూడా ఉంటుంది. పేరు మధ్యలోని ‘డి’ అక్షరం లేకపోవడం, నక్షత్రం ఉండి శిలువ లేకపోవడం, షెఫీల్డ్ స్పెల్లింగ్‌లో తేడా ఇలాంటివాటికి మొదటి ఆనవాళ్లు. జార్జ్ వొస్టెన్‌హోమ్ చాకుల గుర్తు ఐ, ఎక్స్ఎల్ అక్షరాలు, వాటి నడుమ నక్షత్రం. అక్కడ నక్షత్రం బదులు చుక్క ఉంటే రెండోసారి చూడాలి.

జర్మనీలో చాకులకు పేరుపడ్డ జోలింగెన్ ఊరి పేరుకు 1938 నుంచి చట్టపరమైన రక్షణ ఉంది. అమెరికన్ కంపెనీ ‘కేస్’ చాకులకు ఇంకా సులువైన లెక్క ఉంది. 1970లో టాంగ్‌పై పది చుక్కలతో మొదలుపెట్టి ఏటా ఒక్కో చుక్క తగ్గించారు. కానీ ఈ రెండూ విశాఖలో అరుదు.

### భూతద్దం కింద అచ్చు ముద్ర

పాత ముద్రలను ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే, గట్టిపరచడానికి ముందే అచ్చుతో బలంగా కొట్టేవారు. పది రెట్ల భూతద్దం కింద ఆ అక్షరాల గోడలు కొద్దిగా ఏటవాలుగా, అడుగు భాగం కాస్త అసమానంగా కనిపిస్తాయి. లేజరుతో చేసిన అక్షరం లోతు అంతా ఒకేలా ఉండి, అంచుల్లో కాలిన మరక ఉంటుంది. ఆమ్లంతో చెక్కినదైతే అంచులు గరుగ్గా ఉండి లోతు బాగా తక్కువ.

ఇంకో పరీక్షకు టార్చి చాలు. వెలుగును టాంగ్‌కు పక్కవాటుగా పట్టాలి. అచ్చు ముద్ర లోపల మురికి, నల్లటి పాత పొర పేరుకుని ఉండాలి. చుట్టూ ఉన్న లోహం నల్లగా ఉండి అక్షరాల లోపల మాత్రం తెల్లగా మెరుస్తుంటే ఆ ముద్ర తర్వాత పడిందే. సైనిక చాకులకు ఈ పరీక్ష మరీ ముఖ్యం. వాటిపై బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని చెప్పే బాణం గుర్తు, తయారీ సంవత్సరం ఉంటే ధర పెరుగుతుంది కాబట్టి మామూలు చాకు మీద బాణం కొట్టి అమ్మేవారున్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ నమూనాలో గళ్లు పడిన నల్లటి పిడి, మొండి ముక్కున్న బ్లేడు, డబ్బా ఓపెనర్, తాళ్ల ముడులు విప్పే శూలం, వేలాడదీయడానికి కడియం ఉంటాయి. బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంటే అది భారత సైనిక సరఫరాకు చెందినది.

### ఉప్పుగాలి చేసే పని

విశాఖలో పాత చాకు పరీక్షకు ఇదే గుండెకాయ. తీరప్రాంతపు గాలిలో తేమతోపాటు ఉప్పు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఉక్కు పైపొరను సమానంగా తినదు, చుక్కలు చుక్కలుగా లోపలికి దొలుస్తుంది. మైదాన ప్రాంతంలో యాభై ఏళ్లు బీరువాలో ఉన్న కార్బన్ ఉక్కు చాకు బూడిదరంగుకో నీలినలుపుకో తిరుగుతుంది. అదే చాకు బీచ్ రోడ్డుకు దగ్గరి ఇంట్లో ఉంటే సూదిమొన గుంటలు పడతాయి. కాబట్టి ఈ ఊళ్లో తరాలుగా ఉన్నదని చెప్పే చాకు అద్దంలా మెరుస్తుంటే ఆ మెరుపుకు ఒక కారణం ఉండి తీరాలి. అది నూనె కాగితంలో చుట్టి భద్రంగా దాచినదై ఉండాలి, లేదా బఫింగ్ చక్రం మీదికి వెళ్లొచ్చినదై ఉండాలి. రెండోదే ఎక్కువ.

బఫింగ్ జరిగిందో లేదో నాలుగు చోట్ల తెలుస్తుంది. గోటితో లాగి తెరిచే గాడి అంచులు పదునుగా ఉండాలి, అవి గుండ్రబడితే లోహం పోయినట్టే. ముద్రలోని అక్షరాలు ఒకవైపు లోతుగా, ఇంకోవైపు మాసిపోయి ఉంటే చక్రం ఏ దిశలో తిరిగిందో కూడా చెప్పవచ్చు. పిడి చివర ఉండే లోహపు బోల్స్టర్, పిడి చెక్క కలిసే గీత దగ్గర మెత్తటి చెక్క ఎక్కువగా అరిగి చిన్న లోయ ఏర్పడుతుంది. నాలుగోది అసలైన చోటు. బ్లేడును సగం తెరిచి కీలు లోపలికి టార్చి వేయాలి. చక్రం అక్కడికి చేరదు. బయట తళతళ, లోపల ఎర్రటి తుప్పు ఉంటే కథ తెలిసిపోయినట్టే.

నలుపు వేరు, ఎరుపు వేరు, గుంట వేరు. నల్లటి లేదా బూడిద పొర ఉక్కుకు రక్షణ, దాని వల్ల ధర తగ్గదు. ఎర్రటి పొడి తుప్పును నూనెలో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. గుంట మాత్రం పోదు. దాన్ని తీయాలంటే చుట్టూ ఉన్న ఉక్కును అంత లోతూ అరగదీయాలి, అంటే చాకు విలువనే అరగదీయడం. గుంటో మరకో తెలియాలంటే వెదురు పుల్ల మొనతో తాకి చూస్తే చాలు, మొన ఆగితే అది గుంటే.

ఇంటి పద్ధతులు చేసే చేటు కూడా తక్కువ కాదు. ఇత్తడి సామాను తోమినట్టే చింతపండుతో చాకును తోమడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ పులుపు పాత పొరను తీసేసి, కీలులోకి, పిడి లోపలి లైనర్ రేకుల మధ్యకు చేరి అక్కడే ఉండిపోతుంది. కొన్నాళ్లకు లోపల తుప్పు, ఇత్తడిపై చిలుము మొదలవుతాయి. కొబ్బరినూనె పూయడం ఇంకో అలవాటు. అది కాలక్రమంలో జిగురుగా మారి స్ప్రింగును బిగించేస్తుంది. బిగుసుకున్న చాకును చూసి స్ప్రింగు పోయిందనుకుని తక్కువకే ఇచ్చేసేవారూ ఉంటారు. కీలులో రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి ఒక పూట ఆగితే అసలు సంగతి బయటపడుతుంది. కొనేవాడికి కలిసొచ్చే లోపం ఇదొక్కటే.

### అరిగిన బ్లేడు, మార్చిన బ్లేడు

సాన పట్టిన ప్రతిసారీ బ్లేడు వెడల్పు తగ్గుతుంది. దీన్ని కళ్లతో కాకుండా వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. అదే నమూనా అరగని చాకులో బ్లేడు వెడల్పు 14 మి.మీ. ఉండి, చేతిలో ఉన్నది 12.6 మి.మీ. ఉంటే పది శాతం అరిగినట్టు. పోల్చడానికి ఇంకో చాకు లేకపోతే టాంగ్‌ను చూడాలి. పదును మొదలయ్యే చోట టాంగ్ అంచు కంటే బ్లేడు అంచు మెట్టులా లోపలికి పోయి ఉంటే ఆ మెట్టు లోతే అరుగుదల.

మూసినప్పుడు బ్లేడు మొన పిడి అంచు కంటే పైకి పొడుచుకొస్తే అనుమానించాలి. బ్లేడు కింద స్ప్రింగును ఆనుకునే చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీస్తే బ్లేడు లోతుగా దిగుతుంది. విరిగిన మొనను మళ్లీ చెక్కినవారు దాన్ని దాచడానికి ఈ పని చేస్తారు. బుడిపె మీద కొత్త గీతలు కనిపిస్తే ఎందుకు పడ్డాయో అడగాలి.

తెరిచేటప్పుడు బ్లేడు ఒకే ఒత్తిడితో కదిలి, చివర టక్కుమని నిలవాలి. వదులుగా వాలిపోయినా, అటూ ఇటూ ఊగినా స్ప్రింగో పిన్నో అరిగిందన్నమాట. పిన్ను దగ్గరే ఇంకో గుట్టు ఉంది. మంచి కంపెనీ చాకులో బోల్స్టర్ గుండా వెళ్లే పిన్నును కొట్టి, అరగదీసి, లోహంలో కలిపేస్తారు. అది కంటికి కనబడదు. అక్కడ సన్నటి వలయం కనిపిస్తే చాకును ఒకసారి విప్పి మళ్లీ బిగించారని అర్థం. విప్పారంటే బ్లేడు మార్చి ఉండే అవకాశం ఉంది. రెండు బ్లేడుల చాకులో ఒకటి నల్లగా, ఇంకోటి తెల్లగా ఉంటే ఆ అవకాశం ఇంకా బలపడుతుంది.

జేబులో చిన్న అయస్కాంతం ఉంటే మంచిది. బోల్స్టర్ నికెల్ సిల్వర్ అనే మిశ్రమలోహానిదైతే అంటుకోదు, ఇనుముదైతే అంటుకుంటుంది. ఒకవైపు అంటుకుని రెండోవైపు అంటుకోకపోతే ఒకటి మార్చినదే.

### పిడి: ధర పెంచేదీ, చిక్కు తెచ్చేదీ

ఎముక పిడిలో సన్నటి నల్ల చుక్కలు, చిన్న గీతలు కనిపిస్తాయి. అవి రక్తనాళాలు వెళ్లిన దారులు. దంతంలో ఆ చుక్కలు ఉండవు, పిడి చివరి అంచున ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే వంపు గీతలు ఉంటాయి. దంతాన్ని అనుకరించిన సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌లో గీతలు రూళ్లకర్రతో గీసినంత సమాంతరంగా ఉంటాయి.

సెల్యులాయిడ్‌ను గుర్తించడానికి వేడి సూది గుచ్చమని చెప్పేవారి మాట వినకూడదు. అది భగ్గున అంటుకునే పదార్థం. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది, అది చాలు. ఇక్కడి వేడికి, తేమకు సెల్యులాయిడ్ విచ్ఛిన్నమై ఆమ్ల వాయువును వదులుతుంది. పిడి పగుళ్లు, దాని పక్కనున్న బ్లేడుపైనే విపరీతమైన తుప్పు దీని లక్షణాలు. ఒకసారి మొదలైతే ఆగదు. ఒకే డబ్బాలో ఉన్న మిగతా చాకులు కూడా తుప్పు పడతాయి. ఎంత చవకైనా అలాంటిది వదిలేయడమే మేలు.

దంతం, కణుజు కొమ్ము పిడులది వేరే సమస్య. షెఫీల్డ్, జోలింగెన్ చాకులకు ఒకప్పుడు భారత్ నుంచి వెళ్లిన కణుజు కొమ్మే మేలిరకం. విదేశీ వేలాల్లో ఈ పిడి వల్ల ధర బాగా పెరుగుతుంది. భారత్‌లో మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ఇలాంటి వస్తువుల క్రయవిక్రయాలు నేరమవుతాయి. దేశీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986 సవరణ, ఆఫ్రికా దంతాన్ని 1991 సవరణ మూసేశాయి. విదేశంలో ధర పెంచే పిడే ఇక్కడ చాకును అమ్ముకోవడానికి వీల్లేనిదిగా మారుస్తుంది.

### స్విస్ చాకులు

విక్టోరినాక్స్ పేరు 1921లో పుట్టింది. ఆ పేరున్న చాకు అంతకంటే పాతది కాదు. డాలు ఆకారంలో శిలువ ఉంటే విక్టోరినాక్స్, మూలలు గుండ్రబడిన చతురస్రంలో ఉంటే మరో స్విస్ కంపెనీ వెంగర్. వెంగర్‌ను విక్టోరినాక్స్ 2005లో కొనేసింది. చాలా అసలు చాకుల్లో ఎర్ర పిడిలోని గుర్తు లోహాన్ని పొదిగి చేసినది, గోటికి తగలదు, చెరగదు. నకిలీలో ఎక్కువగా రంగుతో అచ్చు వేసి ఉంటుంది, అయితే కొన్ని చవక రకం అసలు చాకుల్లోనూ గుర్తు అచ్చు వేసినదే కాబట్టి ఇదొక్కటే చాలదు. రేకుల మధ్య సందులోంచి వెలుతురు కనిపించడం, టాంగ్‌పై కంపెనీ పేరు లేకుండా ‘స్టెయిన్‌లెస్’ ఒక్కటే ఉండటం నకిలీ లక్షణాలు. మామూలు ఎర్ర చాకులు లక్షల్లో తయారవుతాయి, వాడినదానికి సేకరణ విలువ అంటూ పెద్దగా ఉండదు. స్విస్ సైనికుల కోసం చేసిన, 1961 నమూనా వెండిరంగు అల్యూమినియం పిడి చాకు ఆ కోవలోది కాదు. దాని టాంగ్‌పై తయారీ సంవత్సరం చివరి రెండంకెలు ఉంటాయి.

### ధర లెక్క

స్థితిని బట్టి మింట్ (కొత్తదానిలా ఉన్నది) నుంచి పూర్ (బాగా పాడైనది) వరకు శ్రేణులు ఇవ్వడం అమెరికన్ సేకర్తల సంఘం నుంచి వచ్చిన పద్ధతి. అందులో బ్లేడు పది శాతం లోపు అరిగితే ఎక్సలెంట్, పాతిక శాతం అరిగితే వెరీ గుడ్, సగం అరిగితే ఫెయిర్. శ్రేణి ఒక మెట్టు దిగితే ధర అంతకంటే ఎక్కువే దిగుతుంది, ఎందుకంటే సేకర్తలు అందరూ వెతికేది పై రెండు మెట్లలోని చాకుల కోసమే.

పోలికకు ఆన్‌లైన్ వేలాల్లో అమ్ముడైనవాటినే తీసుకోవాలి. ముద్ర, నమూనా, పిడి, శ్రేణి నాలుగూ కలవాలి. ఉదాహరణకు ఎక్సలెంట్ శ్రేణిలో ఐదు చాకులు 7,200, 8,000, 8,500, 9,400, 16,000 రూపాయలకు పోయాయనుకుందాం. పదహారు వేలది అసలు పెట్టెతో వచ్చింది కాబట్టి పక్కన పెట్టాలి. మిగిలిన నాలుగింటి మధ్య విలువ 8,250. చేతిలో ఉన్నది బఫింగ్ చేసినదైతే అందులో సగం దాటి ఇవ్వడం దండగ. బ్లేడు మార్చినదైతే అది చాకు ధర కాదు, విడిభాగాల ధర. బేరం కుదిరాక అడిగిన రేటుపై అడ్డగీత గీసి చూపించే అమ్మకాల్లో అసలు ఎంతకు పోయిందో తెలియదు, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు.

విదేశీ ధరను రూపాయల్లోకి మార్చి అదే విశాఖ ధర అనుకోవడం ఇంకో పొరపాటు. అదే చాకును బయటి నుంచి తెప్పిస్తే అయ్యే ఖర్చు, అంటే ధర, రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను కలిపిన మొత్తం ఇక్కడి ధరకు పై హద్దు. ఇక్కడి అమ్మకందారు బయటికి పంపుకోలేకపోవడం కింది హద్దును దించుతుంది. పురావస్తువుల చట్టం 1972 ప్రకారం వందేళ్లు దాటిన పనితనపు వస్తువులు పురావస్తువు నిర్వచనంలోకి రావచ్చు, వాటిని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. అమ్మేవారు ‘వందేళ్లు దాటింది’ అని నొక్కి చెబుతున్న కొద్దీ, దాన్ని విదేశీ సేకర్తకు అమ్ముకునే దారి మూసుకుపోతోందని వారికే గుర్తుండదు. బేరమాడేటప్పుడు ఈ మాట పనికొస్తుంది.

### ఆన్‌లైన్‌లో కొంటే

అడ్వాన్సు పంపేముందు ఐదు రకాల ఫొటోలు అడగాలి: టాంగ్ రెండువైపులా, మూసినప్పుడు పై నుంచి, సగం తెరిచి కీలు దగ్గర, వీపువైపు స్ప్రింగులు, చివరగా చాకు పక్కన స్కేలు, ఆ రోజు తేదీ రాసిన కాగితం. చివరి ఫొటో ఇవ్వడానికి తటపటాయించే వ్యక్తి దగ్గర చాకే ఉండకపోవచ్చు.

ఆయుధాల నిబంధనల ప్రకారం ఇంటి పనికో వ్యవసాయానికో చేసినవి కాకుండా, 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. సాధారణ జేబు చాకులు ఆ కొలతకు చాలా దూరం. బటన్ నొక్కితే తెరుచుకునేవి మాత్రం వేరు. అలాంటివాటికి ఢిల్లీ నోటిఫికేషన్ బ్లేడుకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పును హద్దుగా పెట్టింది. అక్కడ కొన్న రాంపురి చాకును ఇక్కడికి తెచ్చుకోవాలనుకునేవారు అది చూసుకోవాలి. విమానంలో తెస్తే ఏ చాకైనా చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో దొరికితే భద్రతా తనిఖీ దగ్గరే వదిలి రావాల్సి ఉంటుంది.